ఈ పేరుతో ఇంకొకలున్నారు

మాస్టారు పోయారన్న కబురు నాకు కంటి ఆసుపత్రి కౌంటరు నుంచి వచ్చింది. పొద్దున్నే, పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు. అక్కడ రోగుల పేర్లు ఎక్కించే అమ్మాయి ఫోను. "మేడం, మాస్టారు పోయారంట."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఏ మాస్టారు?"

శ్రీకాకుళంలో వీధికి ఇద్దరు మాస్టార్లుంటారు, నిజమే. కానీ ఆ అమ్మాయికీ నాకూ మధ్య మాటల్లోకి వచ్చే మాస్టారు ఒక్కరే. అది నాకు తెలియకా? అయినా అడిగాను. అవతల ఆ అమ్మాయి ముక్కు ఎగబీలుస్తూ, "మన మాస్టారే మేడం," అంది. అప్పటికీ ఊరుకోలేదు. ఫోను పెట్టేసి వాళ్ళింటికి చేశాను. ఆయన భార్య ఎత్తారు. మేమందరం ఆవిడని పిన్నిగారనే పిలుస్తాం. "నిజమేనమ్మా. పేపరు చదువుతున్నారు. ఏదో అచ్చుతప్పు కనబడిందని ఎర్రపెన్ను తెమ్మన్నారు. తెచ్చేసరికి అలా వెనక్కి వాలి ఉన్నారు," అన్నారు.

అప్పుడు నమ్మాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. మాస్టారే ఉంటే ఏమనేవారో చెవి పక్కన వినబడినట్టే ఉంది: "సావు కూడా రెండుసార్లు కన్ఫరం సేసుకుంటావేటమ్మా?"

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మా వైపు పేరు ఒక్కటే రాస్తే మనిషి ఎవరో తెలియదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. కంప్యూటర్లు అద్దాల గదుల్లో ఉండి, మనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే రోజుల్లోనే ఆయన వాటి వెంటపడ్డారు. రిటైరయ్యాక ఓ మిఠాయి కొట్టు పైన మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టారు. కంపెనీ అనేవారు కాదు, దుకాణం అనేవారు. "కింద ఆడు కాజాలమ్ముతాడు, పైన మనం ప్రోగ్రాములమ్ముతాం. తేడా ఏటంటే ఆడి సరుకు తాజా." క్లాసులో చెప్పేటప్పుడు పుస్తకం భాష, టీ గ్లాసు చేతికొస్తే మా ఊరి భాష. రెండూ ఆయనవే. ఒకటి తీసి ఒకటి తొడుక్కున్నట్టు ఉండేది కాదు.

నేను ఆ మేడ మెట్లెక్కేసరికి నాకు నలభై దగ్గర పడుతోంది. విశాఖలో ఎంసీఏ చదివాను. హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేశాను. తర్వాత పిల్లలు, మా వారి బదిలీలు. చివరికి శ్రీకాకుళం వచ్చి పడ్డాం. ఆ మధ్యలో నేను నేర్చుకున్న సగం భాషలు పాతబడిపోయాయి. మిగతా సగం నాకు గుర్తున్నాయో లేదో నాకే తెలియదు. మాస్టారు ఓ తెల్లకాగితం ఇచ్చి, డేటాబేసులోంచి పేర్లు వెతికి తీసే చిన్న క్వెరీ రాయమన్నారు. రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. ఇది సరే గానీ ఇక్కడ పేరు ఖాళీగా ఉంటేనో అనుకుని మళ్ళీ చెరిపాను. ఆయన కాగితం అందుకుని వెలుతురుకి పెట్టి చూశారు.

"క్వెరీ బాగున్నాది. కాయితమే సిరిగిపోనాది. రేపట్నించి వచ్చీ," అన్నారు.

నాలో ఏం చూసి పెట్టుకున్నారని తర్వాతెప్పుడో అడిగాను. "ఏటి సూస్తాను? ఈ ఊర్లో ఇంకెవలూ రానేదు," అన్నారు. నన్ను పొగిడి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఇది నమ్మాను.

అప్పుడు మా చేతిలో ఉన్న పెద్ద పని ఆ కంటి ఆసుపత్రిది. అది ధర్మాసుపత్రి. ఊళ్ళలో క్యాంపులు పెట్టి, శుక్లాలున్న వాళ్ళని గుర్తించి, తీసుకొచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. వాళ్ళ రోగుల వివరాలన్నీ మాస్టారు ఎప్పుడో ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాంలో ఉన్నాయి. ఆ ప్రోగ్రాం ఆసుపత్రిలో ఒకే ఒక్క కంప్యూటర్లో నడిచేది. ఇప్పుడది వెబ్‌లోకి రావాలి. కోటబొమ్మాళిలోనో శ్రీముఖలింగంలోనో క్యాంపులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పేరు కొడితే ఇక్కడ డేటాబేసులో పడాలి. అంటే, మాస్టారు తన చేత్తో రాసిన ప్రోగ్రాంని తీసి పక్కన పెట్టే పని నాకు అప్పగించారు. ఆయనకి బాధనిపించదా అనుకున్నాను. ఆయన మాత్రం పాత చొక్కా పనిమనిషికి ఇచ్చేసినంత తేలిగ్గా ఇచ్చేశారు.

పాత పేర్లన్నీ పాతకాలపు తెలుగు ఫాంటులో ఉండేవి. వాటిని ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, కొత్త మైఎస్‌క్యూఎల్ టేబుల్లోకి ఎక్కించి, బ్రౌజరు తెరిచాను. తెరంతా ప్రశ్నార్థకాలు. పేరు దగ్గర ప్రశ్నార్థకాలు, ఊరు దగ్గర ప్రశ్నార్థకాలు, ఇంటిపేరు దగ్గర కూడా అవే. మాస్టారు కాజా తింటూ వచ్చి వెనకాల నిలబడ్డారు.

"ఏటైనాది?"

"అన్నీ ప్రశ్నలే వచ్చాయండి."

ఆయన చాలాసేపు చూశారు. "జిల్లా జిల్లా అంతా నిన్నే అడుగుతన్నాది. నీ సుట్టాలేనమ్మా, పోల్చుకో."

తప్పు చిన్నదే. టేబుల్ తయారుచేసేటప్పుడు తెలుగు అక్షరాలు వస్తాయని దానికి చెప్పలేదు. తెలియని అక్షరం కనిపించిన చోటల్లా అది ప్రశ్న గుర్తు పెట్టేసింది. సరిచేసి మళ్ళీ ఎక్కించాను. ఈసారి మనుషులు బయటపడ్డారు. అప్పలనర్సమ్మ, పైడిరాజు, సింహాచలం, రాములమ్మ. మాస్టారు కుర్చీ లాక్కుని, క్లాసులో హాజరు పిలిచినట్టు, ఒక్కో పేరూ పైకి చదివారు. చదివి, తనే "ఆఁ" అని పలికేవారు. "అప్పలనర్సమ్మ... ఆఁ. పైడిరాజు... ఆఁ." ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆ గదిలో కాజా పాకం వాసన కూడా గుర్తొస్తుంది.

అయితే మా ఇద్దరికీ పొత్తు అంత సులువుగా కుదరలేదు. ఆయన వేగం మనిషి. లెక్క తెగిందా, పద, తర్వాతది. నాకేమో తెగిన లెక్క కూడా తెగలేదేమో అనిపిస్తుంది. ఒక ఫారం రాస్తే, పుట్టిన సంవత్సరం తెలియని ముసలమ్మ వస్తేనో? ఇంటిపేరు చెప్పడానికి ఇష్టపడకపోతేనో? ఈ "తేనో"లతోనే నాకు పొద్దు గడిచిపోయేది. మాస్టారు తల పట్టుకునేవారు. "కంప్యూటరుకి తెలిసినవి రెండే మాటలమ్మా. అవును, కాదు. నువ్వు దానికి 'ఏమో' నేర్పుతానంటన్నావు."

ఆయన సరదాగానే అనేవారు. నేను మాత్రం ఇంటికి మోసుకెళ్ళేదాన్ని. ఈ పనికి కావాల్సిన తెగువ నాలో లేదు, అది వయసుతో వచ్చేది కాదు అని గట్టిగా అనిపించసాగింది. మా వీధి చివర ఇంగ్లీషు మీడియం బడిలో కంప్యూటరు టీచరు కావాలన్నారు. మా వారూ అన్నారు, "పుస్తకంలో ఉన్నదే చెప్పాలి కదా, నీ మనసుకీ నిమ్మళంగా ఉంటుంది," అని. జూన్ నుంచి వస్తానని బడివాళ్ళతో నోటిమాటగా చెప్పేశాను. చేతిలో ఉన్న పని అయ్యాక మాస్టారికి చెబుదామనుకున్నాను. అంటే ప్రోగ్రాములు రాయడం నా జీవితంలో అంతటితో సరి. మళ్ళీ మొదలుపెట్టే వయసు కాదని నాకు తెలుసు.

చేతిలో ఉన్న ఆ పని ఇదీ. ఒకే మనిషి మూడు క్యాంపులకొస్తే మూడుసార్లు పేరు రాసేవారు. పాత ప్రోగ్రాంలో అలాంటి రెట్టింపు పేర్లు బోలెడు. ఆసుపత్రివాళ్ళు తర్వాతి ఆపరేషన్లకి పిలవబోయే ముందు వాటిని ఏరి ఒకటి చెయ్యమన్నారు. మాస్టారు నిమిషంలో సూత్రం చెప్పారు. పేరు, ఇంటిపేరు, ఊరు, భర్త పేరు ఒకటై, వయసు కూడా దగ్గరదగ్గరగా ఉంటే ఒక్కరే మనిషి. కలిపెయ్. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

చెరిపేముందు ఒక ఆచారం ఆయనే నేర్పారు. "ముందు సెలెక్టు రాసి సూడు. ఎవలెవలు పోతారో ఆలని ఎదుట నిలబెట్టు. మొకం సూసి అప్పుడు డిలీటు కొట్టు." కాబట్టి సెలెక్టు రాశాను, జంటల్ని చూసుకుంటూ పోతున్నాను. అక్కడ పైడమ్మ దగ్గర ఆగాను. కోటబొమ్మాళి క్యాంపుకి వచ్చే సముద్రపు ఒడ్డు పల్లె మనిషి. భర్త అప్పన్న. రెండు వరసలు, అన్నీ ఒకటే. కానీ ఒక వరసలో కుడి కన్ను ఆపరేషను అయిపోయింది అని ఉంది. తర్వాత క్యాంపులో రాసిన రెండో వరసలో కుడి కంటికి శుక్లం ముదిరింది అని ఉంది.

"తీసేసిన శుక్లం మళ్ళీ ఎలా ముదురుతుందండీ?" అన్నాను.

"క్యాంపులో పేర్లు రాసే గుంటలు కుడెడమలు తిప్పేసుంటారు. ఎదురుగా కూకుని రాస్తారు కదా, ఆలకి కుడి పక్క అంటే అవతల మనిషికి ఎడమ. ఇలాటివి నాను ఎన్ని సూసేనో."

అది కూడా సబబే. అలాంటి పొరపాట్లు నేనూ చూశాను. "అయ్యుండొచ్చండి... కాకపోవచ్చు కూడా."

"అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఈ రెండూ నెత్తి మీదెట్టుకుని ప్రోగ్రాం రాసినోడెవడైనా ఉన్నాడేటమ్మా?"

నా చెయ్యి మాత్రం కీబోర్డు మీదకి పోలేదు. ఒకవేళ వాళ్ళు ఇద్దరైతే? కలిపేస్తే మిగిలేది కుడి కన్ను అయిపోయిన పైడమ్మ ఒక్కతే. రెండో ఆవిడ ఆపరేషను కోసం వస్తుంది, మీది అయిపోయిందమ్మా అంటారు, వెళ్ళిపోతుంది. గొడవ కూడా పడదు. మా వైపు జనం చేపల బేరం దగ్గర ఊరు దద్దరిల్లేలా అరుస్తారు గానీ డాక్టరు ముందు నోరెత్తరు. నాకు ఆవిడ మొహం తెలియదు. అయినా ఆవిడ తడుముకుంటూ వెనక్కి నడవడం కనిపిస్తూనే ఉంది.

చివరికి, "ఎవరెవరు పోతారో ఎదుట నిలబెట్టి చూడమన్నది మీరే కదండీ," అన్నాను.

ఆయన పెన్నుకి మూత పెట్టి నా వైపు చూశారు. కోపమొచ్చిందనుకున్నాను. "అన్నానా? అయితే పద. నిలబెడదాం," అన్నారు.

ఆ ఆదివారం కోటబొమ్మాళిలో క్యాంపు, పైడమ్మ పల్లెవాళ్ళు వచ్చేది. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాం. మాస్టారి చేతిలో స్టీలు క్యారియరు. ఆయన క్యారియరు గురించి చెప్పాలి మీకు. పై గిన్నెలో పిన్నిగారు పెట్టిన అట్లు, కింది గిన్నెలో పాత పంచె గుడ్డలో చుట్టిన హార్డ్‌డిస్కు. ఆసుపత్రి డేటా అంతటికీ ఒక నకలు ఎప్పుడూ ఆయనతో ఉండాలి. బ్యాగులో పెట్టుకోవచ్చు కదండీ అంటే, "బ్యాగు దొంగలెత్తుకుపోతారు. అట్లెవడెత్తుకుపోతాడు?" అనేవారు. దారంతా నా అనుమానం మీద జోకులే. తిలారు దాటాక ఎదుటి సీటు ఆయనతో, "ఈ మేడమ్మ ఇద్దరో ఒకలో తేల్సడానికి రైలెక్కింది బాబూ," అని కూడా చెప్పేశారు.

క్యాంపు ఓ బడి వరండాలో. ఆపరేటరు అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. సిగ్నలు కోసం ఇంటర్నెట్ డాంగిల్‌ని తాడుతో కిటికీకి కట్టి వేలాడదీశారు. చుక్కల మందు వేయించుకున్న వాళ్ళు గోడ వారగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మాస్టారు వరండా మధ్యలో నిలబడి, కాలేజీలో ఆఖరి బెంచీకి వినబడే గొంతుతో పిలిచారు. "పైడమ్మా! అప్పన్న ఇంటిది పైడమ్మా!"

గోడ వార నుంచి ఇద్దరు ఆడవాళ్ళు లేచారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.

"ఎవలమ్మా పైడమ్మ?" అన్నారు మాస్టారు.

"నానే," అంది పెద్దావిడ. "నానే బాబూ," అంది రెండో ఆవిడ, మూసిన కళ్ళు తెరవకుండానే.

"ఇద్దరూనా?"

"ఇద్దరం కాక ఒకలమేటి? నాను పెద పైడమ్మని. ఇది సిన పైడమ్మ. మా అమ్మలిద్దరూ అప్పాచెల్లెళ్ళు. అమ్మమ్మ పేరు నానెడతానంటే నానెడతానని ఇద్దరూ ఎట్టేసినారు."

"బాగున్నాది. మరి మీ ఆయన పేరేటి?"

పెద పైడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు పలకదు. పక్కనున్నావిడని చెప్పమని మోచేత్తో పొడిచింది. సిన పైడమ్మ నోరు తెరిచి, ఆగిపోయింది. ఆవిడా చెప్పలేదు. పెద పైడమ్మ మొగుడి పేరు పలికితే తన మొగుడి పేరు పలికినట్టే. ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. వరసలో నిలబడ్డ ఒకాయనకి ఓపిక నశించింది. "ఇద్దరి మొగుళ్ళూ అప్పన్నలే బాబూ! అన్నదమ్ముల బిడ్డలు, ఇద్దరికీ తాత పేరే. ఆలు సచ్చినా సెప్పరు గాని, రాసుకోండి!" వరండా అంతా గొల్లుమంది.

"మరి పెదా, సినా అని ఇంతకుముందు సెప్పలేదేటమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవలడిగేరు? పేరడిగేరు, సెప్పినాం," అంది పెద పైడమ్మ.

సిన పైడమ్మ మాత్రం నవ్వు ఆపేసింది. మాటొచ్చిన వైపుకి మొహం తిప్పి, "బాబూ, నా పేరున్నాదా? కన్ను కోస్తారా?" అని అడిగింది.

మాస్టారు ఆవిడ దగ్గరికి వెళ్ళి వంగారు. "ఉన్నాదమ్మా. తీసెయ్యబోనాను. ఈ మేడమ్మ తియ్యనివ్వనేదు."

తిరుగు రైల్లో ఆయన జోకులు వెయ్యలేదు. కిటికీ అవతల వరి కోసేసిన మడులు వెనక్కి పోతున్నాయి. క్యారియరు తెరిచి అట్టు నాకిచ్చి, తను తినకుండా కూర్చున్నారు. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదా అని, బడి సంగతి చెప్పేశాను. జూన్ నుంచి రానని. నాకు తెగువ లేదని, ఏదీ తేల్చుకోలేనని, మీ దుకాణానికి నా వల్ల ఆలస్యమే గాని లాభం లేదని, అన్నీ వరసగా చెప్పేశాను.

ఆయన అంతా విన్నారు.

"తెగువ నాకున్నాది కదమ్మా. ఒక దుకాణంలో ఇద్దరికెందుకు?" అన్నారు. కాస్త ఆగి మళ్ళీ, "నువ్వు బడికెల్తే ఎల్లు. కాని ఇద్దరు పైడమ్మలుంటే ఇంక ఎవల్సూస్తారు? నానైతే సూణ్ణు. ఈవేళ తెలిసినాది," అన్నారు.

అంతే. ఉండమని బతిమాలలేదు. మా వారు స్కూటరు మీద స్టేషనుకి వచ్చారు. బండి ఎక్కుతూ, "బడివాళ్ళకి రానని చెప్పెయ్యండి," అన్నాను. "నిజంగానా? మళ్ళీ రేపు మారదు కదా?" అన్నారాయన. నిజం చెప్పొద్దూ, మర్నాడు పొద్దున్న కాస్త మారింది. మధ్యాహ్నానికి మళ్ళీ కుదురుకుంది. అలా కుదురుకుంటూనే ఇన్నేళ్ళూ ఆ పనిలో ఉన్నాను, సంతోషంగా.

సిన పైడమ్మకి ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆవిడ చుట్టూ చూసి, పక్కనే ఉన్న పెద పైడమ్మని ఎగాదిగా చూసి, "ఒసే, నువ్వింత ముసిల్దానివి ఎప్పుడైపోనావే?" అంది. రెండో ఆవిడ, "నీ మొకం అద్దంలో సూసుకో, అప్పుడు సెప్పు," అంది. మాస్టారికి ఈ ముక్క చెబితే కుర్చీలోంచి కింద పడేంతగా నవ్వారు.

ఆ తర్వాత పని చేసే తీరే మారిపోయింది. టేబుల్లో ఒక కొత్త కాలమ్ వచ్చింది. దానికి 'సందేహం' అని పేరు పెట్టింది మాస్టారే. అవునూ కాదూ కాక మూడో మాటకి చోటు. కౌంటర్లో ఒకే పేరుతో ఇద్దరు తగిలితే ప్రోగ్రాం తనంతట తను కలపదు. తెర మీద ఓ మాట వస్తుంది. అది ఆయన స్వయంగా కొట్టారు: "ఈ పేరుతో ఇంకొకలున్నారు. పిలిచి సూడండి." అలా పిలిచి చూశామని ఎవరైనా టిక్కు పెడితే గానీ ముందుకు కదలదు.

నేను భాష సరిచేద్దామని చూశాను. "ఇంకొకరున్నారు, పిలిచి చూడండి అని పెడదామండీ, ఆసుపత్రివాళ్ళు నవ్వుతారేమో."

"నవ్వనీ. కంప్యూటరు మన ఊర్లో ఉజ్జోగం సేస్తన్నాది. మన మాట మాటాడనీ," అన్నారు. ఎదటివాళ్ళ పేపర్లో అచ్చుతప్పు కనబడితే ఎర్రపెన్ను తీసే మనిషి, దీన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు. ఊళ్ళనుంచి తోడొచ్చిన వాళ్ళు ఆ తెర చదివి, "అచ్చం మన మనిషే రాసినాడు," అనుకోవడం నేను విన్నాను.

పెద్ద తుఫానొచ్చి ఊళ్ళో కరెంటు స్తంభాలన్నీ పడుకున్నప్పుడు, ఆసుపత్రి కింది అంతస్తులోకి నీళ్ళొచ్చి అక్కడి కంప్యూటర్లు తడిసిపోయాయి. మా మేడ పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. గాలి తగ్గాక మాస్టారు పంచె ఎగ్గట్టుకుని, మోకాలు లోతు నీళ్ళలో, క్యారియరు నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చారు. పై గిన్నెలో ఉప్మా కూడా ఉంది. "ముందు తిను. జిల్లా అంతా కింద గిన్నెలో బద్రంగా ఉన్నాది," అన్నారు. అలాంటప్పుడు కూడా నేను మూత తీసి చూసుకోకుండా తినలేకపోయాను. ఆయన తనే మూత తీసి చూపించారు.

కొన్నాళ్ళకి ఆయన కంటికే శుక్లం వచ్చింది. అదే ఆసుపత్రి, అదే కౌంటరు. ఆ అమ్మాయి ఆయన పేరు కొట్టేసరికి తెర మీద ఆయన మాటే ఆయనకి ఎదురొచ్చింది. ఈ పేరుతో ఇంకొకలున్నారు. మాస్టారి సంబరం చూడాలి. "ఎవడ్రా ఆడు? ఎక్కడున్నాడు? పిలిచి సూడండి!" పేరూ అదే, ఇంటిపేరూ అదే. శ్రీముఖలింగంలో వంశధార పక్కన వ్యవసాయం చేసే మనిషి. ఆయనకి ఫోను చేశారు. వారం తిరక్కుండా ఆయన అరటిగెల పట్టుకుని దుకాణం మెట్లెక్కి వచ్చారు. ఇద్దరూ ఒకర్నొకరు తమ పేరు పెట్టి పిలుచుకోవడం, పిలిచినప్పుడల్లా నవ్వుకోవడం. ఆయన పండించిన వంకాయలు మాస్టారింటికి, మాస్టారు సరిదిద్దిన పేపర్లు ఆయనింటికి. ఆ స్నేహం చివరిదాకా ఉంది. ఒకసారి దుకాణానికి ఎవరో ఫోను చేసి, మాస్టారి పేరు చెప్పి ఉన్నారా అంటే, ఆ రైతు ఎత్తి, "ఉన్నాం, ఇద్దరం," అన్నారు.

మాస్టారు వెళ్ళిపోయాక, ఆ పన్నెండు రోజులూ పిన్నిగారింట్లోనే ఎక్కువ ఉన్నాను. అరటిగెలల రైతు రోజూ వచ్చి వాకిట్లో బల్ల మీద కూర్చునేవారు. ఎవరైనా మాస్టారి పేరు ఎత్తితే ఉలిక్కిపడి తలెత్తేవారు. తర్వాత తల దించుకునేవారు.

దినాలు అయ్యాక దుకాణానికి వెళ్ళి కంప్యూటరు తెరిచాను. ఒక పని మిగిలి ఉంది. మాస్టారు ఆసుపత్రి లెక్కలో రోగి కూడా. ఆపరేషనయిన వాళ్ళకి ఏటా పరీక్షకి రమ్మని మా ప్రోగ్రామే ఫోనుకి సందేశం పంపుతుంది. ఆపకపోతే ఆయన పేరు మీద పిన్నిగారి చేతిలో ఫోను మోగుతుంది. ఆయన వరసలో 'కాలం చేశారు' అన్న చోట టిక్కు పెట్టాలి.

పేరు కొట్టాను. రెండు వరసలు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. పైన ఎప్పట్లాగే, ఈ పేరుతో ఇంకొకలున్నారు, పిలిచి సూడండి.

ఏ వరస ఎవరిదో నాకు తెలియదా? ఊళ్ళు వేరు, వయసులు వేరు. కళ్ళు మూసుకుని చెప్పగలను. వెనక దారి నుంచి డేటాబేసులోకి వెళ్ళి ఒక్క లైనుతో మార్చెయ్యొచ్చు కూడా. ఆ దారి కట్టింది నేనే. అయినా చెయ్యి పోలేదు. ఫోను తీసి, రెండో వరసలో ఉన్న నంబరు కొట్టాను. మాస్టారి పేరు పెట్టి పిలిచాను, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఒక్కసారైనా పలకని పేరు అది.

"ఆఁ," అని పలికారు అవతల నుంచి. మోటారు చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. నా గొంతు గుర్తుపట్టారు. ఎందుకు చేశానో ఆయనకి అర్థమైనట్టుంది. మోటారు కట్టేశారు.

"నానున్నానమ్మా," అన్నారు. "ఆయన్ని రాసుకో."

రాసుకున్నాను. పై వరస బూడిద రంగులోకి మారింది. దాని కింద అదే పేరు, అవే అక్షరాలు, నల్లగా, ఎప్పట్లాగే ఉంది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల మోటారు మళ్ళీ అందుకుంది, మడిలోకి నీళ్ళు పారుతున్నాయి.